మధ్యయుగ, రెనసాన్స్ తత్వశాస్త్రం: వాదనల వెంట నడుస్తూ చదివే పద్ధతి

సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు సిలబస్‌ని ఒకసారి గుర్తు చేసుకోండి. మొదటి పేపర్లో ప్లేటో, అరిస్టాటిల్ అవ్వగానే నేరుగా ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ వస్తాడు. అరిస్టాటిల్ చనిపోయింది క్రీ.పూ. 322లో. డెకార్ట్ పుట్టింది 1596లో. మధ్యలో పంతొమ్మిది వందల ఏళ్లు ఎగిరిపోయాయి. కానీ రెండో పేపర్లో దేవుడి ఉనికికి రుజువులు అడుగుతారు, చెడు ఎందుకుందన్న సమస్య అడుగుతారు, హేతువుకీ విశ్వాసానికీ సంబంధమేమిటని అడుగుతారు. సార్వభౌమాధికారం దగ్గర ఫ్రెంచ్ రాజనీతి తత్వవేత్త బోడిన్ పేరు కనిపిస్తుంది. ఇవన్నీ ఆ ఎగిరిపోయిన కాలంలో, ముఖ్యంగా మధ్యయుగంలో, దాని వెనకే వచ్చిన రెనసాన్స్ (సాంస్కృతిక పునరుజ్జీవన) కాలంలో పుట్టినవో, పదునెక్కినవో. పునాది చదవకుండా జవాబులు బట్టీ పట్టాల్సి రావడం నిజంగా బాధాకరం. పరీక్షతో పనిలేకుండా ఇష్టంకొద్దీ చదివేవాళ్లకి కూడా ఇదే ఇబ్బంది. మధ్యయుగం అంటే చీకటి యుగం, చర్చి పెత్తనం అని ఎక్కడో విని ఆ వైపు వెళ్లరు.

వెళ్లినవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఒకేచోట. నాలుగో శతాబ్దపు అగస్టీన్ నుంచి పదహారో శతాబ్దపు మొంతేన్ దాకా పేర్లు, తేదీలు, ఒక్కొక్కరి సిద్ధాంతం రెండేసి వాక్యాల్లో రాసుకుంటారు. రెండు వారాలకి అంతా కలగాపులగం అవుతుంది. ఈ తత్వవేత్తలెవరూ ఒంటరిగా మాట్లాడలేదు. ప్రతి పుస్తకం ఎవరో ఒకరికి జవాబే. కాబట్టి మనుషుల్ని కాక వాదనల్ని పట్టుకోండి. వాది, ప్రతివాది ఇద్దర్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఈ వ్యాసం మొత్తం ఆ పద్ధతి మీదే నడుస్తుంది. రోజుకో గంట కేటాయిస్తే ఆరు నెలల్లో గట్టి పునాది పడుతుంది.

మొదటి అడుగు: అరిస్టాటిల్ పుస్తకాలు తిరిగిన దారిని గీసుకోండి

ఒక పెద్ద కాగితం మీద మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న ప్రాంతాల్ని రఫ్‌గా గీయండి. రాజుల పేర్లు అక్కర్లేదు. ఆ మ్యాప్ మీద ఒక్క విషయం గుర్తించండి: ఏ కాలంలో, ఏ ఊళ్లో, ఎవరి చేతిలో అరిస్టాటిల్ పుస్తకాలున్నాయి?

పశ్చిమ రోమన్ సామ్రాజ్యం కూలాక లాటిన్ చదివే యూరప్‌కి మిగిలింది తర్కం మీద ఆయన రాసిన కొన్ని చిన్న గ్రంథాలే. అవి కూడా ఆరో శతాబ్దంలో రోమన్ పండితుడు బోయెథియస్ చేసిన అనువాదాల పుణ్యం. అదే 8 నుంచి 10వ శతాబ్దం మధ్య అబ్బాసీ ఖలీఫాల బాగ్దాద్‌లో అరిస్టాటిల్ రచనల్లో చాలా భాగం అరబ్బీలోకి వచ్చేసింది. హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ లాంటి అనువాదకులు గ్రీకు నుంచి సిరియాక్ భాషలోకి, అక్కడి నుంచి అరబ్బీలోకి తెచ్చారు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలేడోలో జెరార్డ్ ఆఫ్ క్రెమోనా వంటివాళ్లు అరబ్బీ నుంచి లాటిన్‌లోకి మార్చారు. నేరుగా గ్రీకు నుంచి చేసిన అనువాదాలూ ఆ కాలంలోనే మొదలయ్యాయి. పారిస్‌లో 1210లో అరిస్టాటిల్ ప్రకృతి గ్రంథాల బోధనను నిషేధించారు. 1255 వచ్చేసరికి అదే పారిస్ విశ్వవిద్యాలయంలో అవి పాఠ్యాంశాలయ్యాయి. నలభై అయిదేళ్లలో ఎంత మార్పో చూడండి! క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ పారిస్‌లో చదువుకుంటూ, పాఠాలు మొదలుపెడుతున్నది సరిగ్గా ఆ కాలంలోనే.

ఈ మ్యాప్ చదువు అయిపోయేదాకా మీ పుస్తకంలో మొదటి పేజీగా ఉండాలి. కొత్త పేరు వచ్చినప్పుడల్లా ఇతనికి అరిస్టాటిల్ ఎంత తెలుసు, ఎవరి ద్వారా తెలుసు అని చూసుకోండి. సగం అయోమయం అక్కడే తీరుతుంది.

రెండో అడుగు: గ్రీకు సామగ్రి, కావలసినంతే

ప్లేటో మొత్తం చదివాక మొదలుపెడదామనుకుంటే ఎప్పటికీ మొదలవదు. పది రోజుల్లో ఇవి పట్టుకోండి: ప్లేటో రూపాల సిద్ధాంతం; అరిస్టాటిల్ చెప్పిన నాలుగు కారణాలు, ద్రవ్యం-రూపం జంట, సామర్థ్యం-సిద్ధి జంట. చివరిది ముఖ్యం. విత్తనంలో చెట్టు సామర్థ్యంగా ఉంది, పెరిగాక సిద్ధిగా ఉంది. ఈ ఒక్క ఆలోచన రాకపోతే దేవుడి ఉనికికి అక్వినాస్ ఇచ్చిన మొదటి రుజువులో ఒక్క వాక్యం కూడా అర్థం కాదు. స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ ఇంటర్నెట్‌లో ఉచితం. అందులో వ్యాసాలు బరువుగా ఉంటాయి కానీ నమ్మదగినవి. ముందు మూల గ్రంథంలోని భాగం చదివి, ఆ తర్వాతే ఆ వ్యాసం తెరవండి. వరుస తిరగబడితే ఇతరుల అభిప్రాయం మీ కళ్లకి అడ్డమొస్తుంది.

మూడో అడుగు: జైల్లో రాసిన పుస్తకంతో మొదలు

మొదటి పుస్తకంగా బోయెథియస్ రాసిన 'కన్సొలేషన్ ఆఫ్ ఫిలాసఫీ' తీసుకోండి. చిన్నది, పాత ఇంగ్లీషు అనువాదాలు ఉచితంగా దొరుకుతాయి. ఇటలీని ఏలుతున్న గోతిక్ రాజు థియొడొరిక్ దగ్గర ఆయన పెద్ద అధికారి. రాజద్రోహం నేరం మోపి బంధించారు. మరణశిక్షకు ఎదురుచూస్తూ రాసిన పుస్తకమిది. సుమారు 524లో శిక్ష అమలైంది. తత్వశాస్త్రం ఒక స్త్రీ రూపంలో వచ్చి ఆయనతో మాట్లాడుతుంది. గద్యం, పద్యం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. చావు ముంగిట ఉన్న మనిషి క్రైస్తవుడై ఉండి కూడా క్రీస్తు పేరు ఎత్తకుండా, హేతువుతోనే తనని తాను ఓదార్చుకోవడం ఈ పుస్తకంలోని వింత.

అయిదు భాగాల్లో చివరిది రెండుసార్లు చదవండి. రేపు నేనేం చేస్తానో దేవుడికి ఈరోజే తెలిస్తే, రేపు నాకు స్వేచ్ఛ ఎక్కడుంది? దేవుడు కాలం లోపల లేడన్నది అక్కడ వచ్చే సమాధానం. మనకి రేపు అయినది ఆయనకి ఇప్పుడే కళ్లముందున్న దృశ్యం. నడుస్తున్న మనిషిని చూసినంత మాత్రాన మనం అతన్ని నడిపించినట్టు కాదు గదా, అదీ అంతే. ఈ వాదనని తెలుగులో పది వాక్యాల్లో రాయండి. తర్వాత దానికి ఒక అభ్యంతరం మీరే రాయండి. దైవజ్ఞానం, కర్మ, స్వేచ్ఛ గురించి చర్చలు వింటూ పెరిగినవాళ్లం కాబట్టి అభ్యంతరాలు వెతుక్కోనక్కర్లేదు, వాటంతటవే వస్తాయి.

దీనికి జంటగా అగస్టీన్ 'కన్ఫెషన్స్' పదకొండో భాగం చదవండి. అగస్టీన్ (354-430) ఉత్తర ఆఫ్రికా మనిషి, హిప్పో పట్టణానికి బిషప్. కాలమంటే ఏమిటో ఎవరూ అడగనంతవరకు తెలుసు, అడిగితే చెప్పలేనంటాడు. గతం ఇప్పుడు లేదు, భవిష్యత్తు ఇంకా రాలేదు, వర్తమానానికి నిడివి లేదు. మరి మనం కొలుస్తున్నదేమిటి? మనసులోని జ్ఞాపకాన్నీ ఎదురుచూపునీ అంటాడు. బోయెథియస్ దేవుడి గురించి చెప్పిన కాలాతీతత్వానికి ఇక్కడ మనిషి వైపు నుంచి మరో ముఖం కనిపిస్తుంది.

నాలుగో అడుగు: ఆన్సెల్మ్‌ని, గౌనిలోని ఒకే రోజు చదవండి

పద్ధతి బాగా అలవాటు కావడానికి ఇంతకన్నా మంచి జంట లేదు. క్రైస్తవ సన్యాసి ఆన్సెల్మ్ (1033-1109) రాసిన 'ప్రొస్లోజియన్'లో రెండు నుంచి నాలుగు అధ్యాయాలు మూడు నాలుగు పేజీలే. వాదన ఇదీ: దేవుడంటే అంతకంటే గొప్పదాన్ని ఊహించడానికి వీలులేనిది. దేవుడు లేడనే మూర్ఖుడికి కూడా ఈ మాట అర్థమవుతుంది, అంటే అది అతని బుద్ధిలో ఉంది. బుద్ధిలో మాత్రమే ఉంటే, బుద్ధిలోనూ బయటా ఉన్నదాన్ని దానికంటే గొప్పదిగా ఊహించవచ్చు. అప్పుడు మొదటిది అంతకంటే గొప్పదాన్ని ఊహించలేనిది కాకుండా పోతుంది. ఇది విరుద్ధం. కాబట్టి బయటా ఉంది.

దీన్ని నంబర్లు వేసి అయిదారు వాక్యాలుగా విడగొట్టండి. ఏ వాక్యం దగ్గర మీకు ఇదేదో మోసం అనిపిస్తుందో దానికి గుర్తు పెట్టండి. అప్పుడు దీనికి గౌనిలో (Gaunilo) అనే ఆయన రాసిన జవాబు తెరవండి. ఆయన కూడా క్రైస్తవ సన్యాసే, దేవుణ్ణి నమ్మినవాడే. అయినా మూర్ఖుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. అన్ని ద్వీపాల కంటే గొప్ప ద్వీపం ఒకటుందని ఊహించుకుంటే, అది నిజంగా ఉండి తీరాలా? ఆన్సెల్మ్ దీనికి తిరుగు జవాబు రాశాడు. అంతేకాదు, ఇకమీద తన పుస్తకానికి ప్రతులు రాసేటప్పుడు గౌనిలో విమర్శనీ, తన సమాధానాన్నీ కలిపే రాయమన్నాడు. తన వాదన మీద దెబ్బ వేసినవాడి మాటని సొంత పుస్తకంలో భద్రం చేసినవాళ్ల కాలాన్ని చీకటి యుగం అనడం అన్యాయమని నా అభిప్రాయం.

ఈ దశలోనే అబెలార్డ్ (1079-1142) పరిచయం చేసుకోండి. 'సిక్ ఎట్ నాన్' (అవును, కాదు) అనే గ్రంథంలో 158 ప్రశ్నలు తీసుకుని, ఒక్కోదానికి చర్చి పెద్దలు పరస్పరం విరుద్ధంగా చెప్పిన మాటల్ని ఎదురెదురుగా పేర్చి, తీర్పు చెప్పకుండా వదిలేశాడు. ముందుమాట చదివితే చాలు. సందేహిస్తేనే విచారణ మొదలవుతుందన్నది అందులో ఆయన నమ్మకం.

అయిదో అడుగు: అరబ్బీ తత్వవేత్తల్ని దాటేయొద్దు

చాలా పాఠ్యపుస్తకాలు వీళ్లని ఒక పేరాలో సరిపెడతాయి. ఇబ్న్ సీనా లేకుండా అక్వినాస్‌ని చదవడమంటే రచ్చబండ దగ్గర ఎప్పట్నుంచో జరుగుతున్న తగువులోకి చివర్లో వచ్చి కూర్చోవడమే. ఈ అడుగుకి కనీసం నెలన్నర ఇవ్వండి.

బుఖారా దగ్గర పుట్టిన ఇబ్న్ సీనా (980-1037) దగ్గర రెండు విషయాలు చూడాలి. ఒకటి, గాలిలో తేలే మనిషి. పూర్తిగా ఎదిగిన మనిషి ఒక్కసారిగా సృష్టి అయ్యాడనుకోండి. కళ్లు కప్పేసి ఉన్నాయి, కాళ్లూ చేతులూ ఒకదానికొకటి తగలడం లేదు, ఏ స్పర్శా లేదు. అయినా తానున్నానని అతనికి తెలుస్తుందా? తెలుస్తుందంటాడు ఇబ్న్ సీనా. కాబట్టి తాను అనేది శరీరం కాదన్న వైపు మొగ్గుతాడు. రెండోది, సారానికీ ఉనికికీ తేడా. గుర్రమంటే ఏమిటన్నదాంట్లో గుర్రం ఉందా లేదా అన్నది ఇమిడి లేదు. ఉనికి బయటి నుంచి రావాలి. అన్నిటికీ ఉనికినిస్తూ, తన ఉనికి తనదే అయినది ఒక్కటుండాలి.

ఇప్పుడు మళ్లీ జంట. బాగ్దాద్‌లోని నిజామియా విద్యాసంస్థలో పెద్ద ఆచార్యుడుగా వెలిగి, 1095లో అన్నీ వదిలి వెళ్లిపోయిన అల్ ఘజాలీ (1058-1111) తత్వవేత్తల మీద ఇరవై చర్చలతో ఒక ఖండన గ్రంథం రాశాడు. పదిహేడో చర్చ తప్పక చదవండి. పత్తికి నిప్పు తగిలితే కాలుతుంది. మనం చూసింది నిప్పు తగలడం, పత్తి కాలడం. నిప్పు వల్లే కాలిందన్నది ఎక్కడ చూశాం? ఆ రెంటినీ కలిపి సృష్టిస్తున్నది దేవుడంటాడు. స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ 18వ శతాబ్దంలో కార్యకారణాల గురించి లేవనెత్తిన సందేహానికి ఇది ఆరు వందల ఏళ్ల ముందటి మాట, ఉద్దేశం వేరైనా.

కొర్డోబా నగరంలో పుట్టిన న్యాయమూర్తి ఇబ్న్ రుష్ద్ (1126-1198) దీనికి ప్రతిఖండన రాశాడు. వస్తువులకి తమ స్వభావమంటూ లేకపోతే వాటికి పేరూ నిర్వచనమూ ఉండవు, కారణాన్ని కాదంటే బుద్ధినే కాదన్నట్టని ఆయన వాదన. చదివేవాళ్లకి ఇక్కడ ఒక సౌకర్యముంది. ఇబ్న్ రుష్ద్ ముందు ఘజాలీ మాటల్ని పొడుగ్గా ఉటంకించి, కింద తన జవాబు రాస్తాడు. కాబట్టి ఆ ఒక్క పుస్తకం దగ్గరుంటే ఇద్దరూ ఉన్నట్టే. అదే కొర్డోబాలో పుట్టి ఈజిప్టులో స్థిరపడిన యూదు తత్వవేత్త మైమొనిడీస్ నుంచి, దేవుడి గురించి ఫలానా కాదు అని మాత్రమే చెప్పగలమనే అధ్యాయాలు చదవండి. ఉపనిషత్తుల నేతి నేతి తెలిసినవాళ్లకి అవి కొరుకుడు పడతాయి. రెండూ ఒకటేనని మాత్రం తేల్చేయకండి, దారులు వేరు.

ఆరో అడుగు: అక్వినాస్ పేజీని చదవడం నేర్చుకోండి

'సుమ్మా థియొలాజియే' పరిమాణం చూస్తే టెన్షన్ వస్తుంది. థామస్ అక్వినాస్ (1225-1274) దాన్ని పూర్తి చేయకుండానే వదిలేశాడు. మనం మొదట చదవాల్సింది ఒకే ఒక్క ఆర్టికల్: మొదటి భాగం, రెండో ప్రశ్న, మూడో ఆర్టికల్. దేవుడున్నాడా?

నిర్మాణం మనకి కొత్త కాదు. ముందు పూర్వపక్షం, చివర సిద్ధాంతం. వివరంగా చెప్పాలంటే మొదట అభ్యంతరాలు, తర్వాత 'దీనికి విరుద్ధంగా' అంటూ ఒక ప్రమాణ వాక్యం, ఆ తర్వాత 'నా జవాబు' అంటూ అసలు వాదన, చివర ఒక్కో అభ్యంతరానికీ సమాధానం. కొత్తవాళ్లు పొరపడేది మొదట్లోనే. అభ్యంతరాల్లో రాసింది అక్వినాస్ అభిప్రాయం అనుకుని నోట్స్ రాసేసుకుంటారు.

ఈ ఆర్టికల్లో అభ్యంతరాలు రెండే, కానీ గట్టివి. అనంతమైన మంచి ఉంటే చెడుకి చోటుండకూడదు, చెడు ఉంది, కాబట్టి దేవుడు లేడు. ప్రకృతి, మానవ సంకల్పం ఈ రెంటితోనే అన్నీ వివరించవచ్చు, దేవుడి అవసరమే లేదు. ఇవి చదివి పుస్తకం మూయండి. మీరైతే ఏం జవాబు చెబుతారో రాయండి. నాస్తికులైతే ఈ అభ్యంతరాల్ని ఇంకా బలంగా ఎలా రాస్తారో చూడండి. ఆ తర్వాతే అయిదు మార్గాలు చదవండి: చలనం, కారణం, ఉండవచ్చు-లేకపోవచ్చు అన్న స్థితి, తరతమ భేదాలు, లక్ష్యం. మూడోదాంట్లో ఇబ్న్ సీనా ఛాయ కనబడితే అయిదో అడుగు ఫలించినట్టు. మొదటి రెండు మార్గాల్లో వెనక్కి వెనక్కి పోతే ఎక్కడో ఆగాలి అన్నది కాలంలో వెనక్కి పోవడం కాదు. ఇప్పుడు, ఈ క్షణంలో ఒకదాని మీద ఒకటి ఆధారపడిన వరుస అది. లోకానికి ఆరంభముందని హేతువుతో రుజువు చేయలేమని అక్వినాసే మరోచోట ఒప్పుకున్నాడు. ఇది తెలియకుండా చేసే విమర్శలు చాలావరకు గురి తప్పుతాయి.

వెనక్కి వెళ్లి అదే రెండో ప్రశ్నలో మొదటి ఆర్టికల్ కూడా చూడండి. ఆన్సెల్మ్ వాదనని అక్వినాస్ అక్కడ తిరస్కరించాడు. నాలుగో అడుగులో మీరు గుర్తు పెట్టిన వాక్యం, ఆయన పట్టుకున్న చోటు ఒకటేనేమో పోల్చుకోండి.

ఏడో అడుగు: స్కోటస్, ఓకమ్; నకిలీ కొటేషన్లతో జాగ్రత్త

1277లో పారిస్ బిషప్ 219 ప్రతిపాదనల్ని నిషేధించాడు. అరిస్టాటిల్ పేరుతో దేవుడి శక్తికి హద్దులు గీస్తున్నారన్నది ఆయన ఆందోళన. ఆ తర్వాతి తరం దేవుడు ఇలాకాక ఇంకెలా చేసి ఉండవచ్చు అనే దిశలో ఎక్కువ ఆలోచించింది. డన్స్ స్కోటస్ (మరణం 1308) కష్టమైన రచయిత. మొదటిసారికి ఆయన గురించి ఒక మంచి పరిచయ వ్యాసం చాలు.

ఇంగ్లండ్ తత్వవేత్త ఓకమ్ (మరణం 1347) దగ్గర సామాన్యాల చర్చ పట్టుకోండి. సీత మనిషి, రజియా మనిషి. ఇద్దరిలో ఉన్న మనిషితనం అనేది నిజంగా ఒక వస్తువా, లేక మన ఆలోచనా? లోకంలో ఉన్నవి విడివిడి వ్యక్తులే, సామాన్యమన్నది మనసులోనిదని ఓకమ్ అంటాడు. న్యాయ వైశేషికులకీ బౌద్ధులకీ జరిగిన సామాన్య వివాదం తెలిసినవాళ్లు ఇక్కడ లోతుగా వెళ్లొచ్చు.

ఓకమ్ పేరుతో చెలామణి అయ్యే 'అవసరాన్ని మించి వస్తువుల్ని పెంచకూడదు' అనే వాక్యం ఆయన రచనల్లో ఆ మాటల్లో లేదు. ఆ భావం ఉంది, వేరే మాటల్లో. సూది మొన మీద ఎందరు దేవదూతలు నాట్యమాడగలరన్నది మధ్యయుగ పండితుల్ని ఎగతాళి చేస్తూ తర్వాతివాళ్లు పుట్టించిన ప్రశ్న. ఎక్కువమంది దేవదూతలు ఒకే చోట ఉండగలరా అని అక్వినాస్ అడిగాడు, అది స్థలం గురించిన గంభీరమైన ప్రశ్న. వాట్సాప్‌లోనో కోచింగ్ నోట్స్‌లోనో కొటేషన్ కనిపిస్తే ఏ పుస్తకం, ఏ అధ్యాయం అని అడగండి. దొరక్కపోతే వాడకండి.

ఎనిమిదో అడుగు: రెనసాన్స్ దగ్గర చదివే తీరు మార్చండి

ఇక్కడ నంబర్లేసి వాదన విడగొట్టే పద్ధతి సగమే పనిచేస్తుంది. ఉత్తరాలు, సంభాషణలు, ప్రసంగాలు, వ్యాసాలు వచ్చాయి. ఎవరికి రాస్తున్నాడు, ఏ స్వరంతో రాస్తున్నాడు అన్నది కూడా వాదనలో భాగమే.

ఇటలీ కవి పెట్రార్క్ (1304-1374) ఫ్రాన్స్‌లోని వెంతూ పర్వతం ఎక్కడం గురించి రాసిన ఉత్తరంతో మొదలుపెట్టండి. శిఖరం మీద ఆయన తెరిచిన పుస్తకం అగస్టీన్ 'కన్ఫెషన్స్'! కొత్త యుగానికి ఆద్యుడని పేరున్నవాడి చేతిలో వెయ్యేళ్ల నాటి బిషప్ పుస్తకముంది. మధ్యయుగం ఒకరోజు ముగిసి రెనసాన్స్ మర్నాడు మొదలైందన్న ఊహని ఇక్కడే వదిలేయాలి.

తర్వాత ఇటలీ పండితుడు లొరెంజో వల్లా. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ పశ్చిమ రాజ్యాన్ని పోపుకి ధారపోసినట్టు చెప్పే దానపత్రం దొంగదని 1440లో తేల్చాడు. ఆయుధం భాషే. ఆ పత్రంలోని లాటిన్ నాలుగో శతాబ్దానిది కాదు. రోమన్ అధికారుల్ని సాత్రపులు (పారశీక సామ్రాజ్యంలో రాష్ట్ర పాలకుల పేరు) అనడం ఏమిటని నిలదీశాడు. మన శాసనాలతో, తాళపత్రాలతో పనిచేసేవాళ్లకి ఇది ప్రాణంలాంటి పాఠం.

ఇటలీ తత్వవేత్త ఫిచీనో ప్లేటో రచనలన్నిటినీ లాటిన్‌లోకి తెచ్చాడు, 1484లో అచ్చయ్యాయి. ఆయన మిత్రుడు పికో 1486లో 900 ప్రతిపాదనలు ప్రకటించి, రోమ్‌లో బహిరంగ వాదానికి సిద్ధమయ్యాడు. అప్పటికి ఇరవై మూడేళ్ల కుర్రాడు. పోపు ఆ సభ జరగనివ్వలేదు. దానికోసం రాసుకున్న ప్రసంగం మిగిలింది. మనిషికి స్థిరమైన స్వభావం లేదు, తనని తానే మలచుకుంటాడు అనే మొదటి పేజీలు చదివి, వస్తువుల స్వభావం గురించి ఇబ్న్ రుష్ద్ అన్నదానితో పోల్చండి. అలాగే ఫ్రాన్స్‌లోని రచయిత్రి క్రిస్టీన్ ద పిజాన్. స్త్రీలని కించపరిచిన రచయితలకి జవాబుగా 1405లో స్త్రీల నగరం అనే గ్రంథం కట్టింది. ఆమెని చాలా సిలబస్‌లు మరిచిపోయాయి, మీరు మరవకండి.

ఇటలీ రాజనీతి రచయిత మాకియవెల్లి 1513లో రాసిన 'ప్రిన్స్'లో 15 నుంచి 18 అధ్యాయాలు తప్పనిసరి. లక్ష్యమే మార్గాన్ని సమర్థిస్తుందన్న వాక్యం అందులో ఆ మాటల్లో లేదని మీరే చూస్తారు. బోడిన్ 1576 నాటి పుస్తకంలో సార్వభౌమాధికారం నిర్వచనం ఉన్న అధ్యాయం ఒక్కటి చదివితే, పరీక్షలో రాసే జవాబుకి వెన్నెముక వస్తుంది. ఫ్రాన్స్ మతయుద్ధాలతో చీలిపోతున్నప్పుడు రాశాడని గుర్తుంచుకోండి. అదే యుద్ధాల మధ్య మొంతేన్ (1533-1592) తన గ్రంథాలయంలో కూర్చుని, నాకేం తెలుసని ప్రశ్నించుకున్నాడు. ఆయన వ్యాసాలు వరుసగా చదవనక్కర్లేదు. నరమాంస భక్షకుల గురించి రాసినదానితో మొదలుపెట్టండి. బ్రెజిల్ వాసుల్ని అనాగరికులంటున్న మనం, మన దేశంలో బతికున్న మనుషుల్ని హింసిస్తున్నాం కదా అని సొంతవాళ్లనే అడిగాడు.

తొమ్మిదో అడుగు: డెకార్ట్‌ని మళ్లీ తెరవండి

సిలబస్ ఎక్కడికి దూకిందో అక్కడికి ఇప్పుడు నడిచి చేరారు. 1641 నాటి 'మెడిటేషన్స్' తీసుకోండి. రెండో ధ్యానం పక్కన ఇబ్న్ సీనా తేలే మనిషిని పెట్టండి. అయిదోదాని పక్కన ఆన్సెల్మ్‌ని పెట్టండి. ఆ పుస్తకాన్ని డెకార్ట్ ఇతరుల అభ్యంతరాలతో, వాటికి తన సమాధానాలతో కలిపే అచ్చువేయించాడు. వాటిలో నాలుగో విడత అభ్యంతరాలు రాసిన ఫ్రెంచ్ వేదాంతి ఆర్నో, మీరు చెప్పింది అగస్టీన్ ముందే చెప్పాడు కదా అని ఎత్తిచూపాడు. ఆ అభ్యంతరం చదివి, డెకార్ట్ జవాబు తెరవకముందే మీ జవాబు రాయండి.